తుపాకి ఫోటోకి ఫ్లాష్ ఎందుకండీ, ఒక తెల్ల పంచె చాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ మా నాన్నగారి టైం నుంచి మా ఇంటికి వస్తుంది కాబట్టి కాస్త చనువు తీసుకుని రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు. పోయిన వారం జిల్లా పేజీలో నాటు తుపాకులు పట్టుకున్నారని ఒక వార్త వేశారు కదా, దాని మీద మూడు కాలమ్‌ల కలర్ ఫోటో కూడా వేశారు, ఈ ఉత్తరం ఆ ఫోటో గురించే. వెనకాల ఆరుగురు ఆఫీసర్లు వరసగా నిలబడ్డారు, వాళ్ళ మొహాలు, నేమ్ ప్లేట్లు, వెనకున్న ఫ్లెక్సీ మీద అక్షరాలు అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి, టేబుల్ మీద మాత్రం నాలుగు నల్ల గీతలు, ఒక్కో గీత మధ్యలో ఒక తెల్ల మచ్చ, అంతే. మా ఆవిడ కాఫీ తాగుతా చూసి "ఏంటండీ, బోరు పైపులు కూడా పట్టుకుంటున్నారా పోలీసులు" అంది. నవ్వాను గానీ తర్వాత కొంచెం బాధేసింది, ఎందుకంటే నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషిని, తుపాకిని ఫోటో తియ్యడం ఎంత తిప్పలో నాకు తెలుసు, అది ఎంత తేలికగా కుదురుద్దో కూడా తెలుసు.

ముందు నా సొంత పరువు తీసుకుంటా, తర్వాత మీ వాళ్ళ సంగతి. ఫిల్ము రోజులు, యాషికా కెమెరా, రోలుకి 12 ఫోటోలు. కొల్లూరు అవతల లంక ఊళ్ళో ఒక పెద్దాయన కబురు పెట్టాడు, వాళ్ళ నాన్న నాటి డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది, లైసెన్సుది, ఫోటో తీసి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకోవాలి అని. నేను వెళ్ళి మంచం మీద వాళ్ళ ఎర్ర వెల్వెట్ దుప్పటి పరిపించి, తుపాకి దాని మీద పెట్టించి, కెమెరా మీద ఫ్లాష్ తగిలించి టపటపా 12 ఫోటోలు కొట్టేసి వచ్చా. ప్రింట్లు చూస్తే నాకే మతి పోయింది. గొట్టం పొడుగునా సన్నటి తెల్ల చార, మిగతా గొట్టం అంతా ఎరుపు తిరిగిన నలుపు, కర్ర మడమ మీద, అంటే భుజానికి ఆనించే వెనక భాగం మీద, ఫ్లాష్ వెలుగు గుండ్రంగా పండు లాగా. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఫోటో అటూ ఇటూ తిప్పి "ఇది మా తుపాకా, కరెంటు తీగా బాబూ" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు, మళ్ళీ వస్తా అని చెప్పి వచ్చా.

రెండోసారి వెళ్ళినప్పుడు నా తెలివితేటలు ఏమీ లేవు సార్, అదృష్టం అంతే. వాళ్ళావిడ వరండాలో దండెం మీద ఉతికిన పంచెలు రెండు ఆరేసింది, అవతల పొద్దుటి ఎండ, ఆ ఎండ పంచెల్లోంచి వడకట్టుకుని వరండాలోకి వస్తుంది. గచ్చు మీద తుపాకి పెట్టి చూస్తే నేను అంతకుముందు చూసిన తుపాకేనా అనిపించింది. గొట్టం నిజంగా గుండ్రంగా కనపడుతుంది, దాని మీద నీలం కలిసిన నలుపు, కర్రలో గీతలు, ట్రిగ్గర్ పైన పలక మీద సన్నటి పువ్వు చెక్కడం, అది అసలు ఉందని మొదటిసారి నేను గమనించనే లేదు. ఫ్లాష్ సంచిలోంచి తియ్యలేదు ఆ రోజు. ట్రైపాడ్ వేసి నెమ్మదిగా నాలుగు తీశా, నాలుగూ వచ్చాయి.

అప్పటి నుంచి ఎందుకు అలా వచ్చిందని ఆలోచిస్తే అర్థమైంది ఏంటంటే మెరుగు పెట్టిన ఇనుము అద్దం లాంటిది. మనం దాని మీద లైటు వేస్తున్నాం అనుకుంటాం గానీ నిజానికి మనకి కనిపించేది దాని చుట్టూ ఉన్నదే. నమ్మకపోతే వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి రాత్రి బల్బు కింద పెట్టి చూడండి, గ్లాసు మీద కళ్ళు పొడిచే ఒక సన్న గీత ఉంటది, మిగతాదంతా మురికి చీకటి. అదే గ్లాసు పొద్దున్న కిటికీ పక్కన పెట్టండి, గీత వెడల్పు అవుద్ది, అంచులు మెత్తబడి మెల్లగా చీకట్లోకి కలుస్తాయి, గ్లాసు గుండ్రం అని కంటికి తెలుస్తుంది. తుపాకి గొట్టం ఆ గ్లాసు లాంటిదే, పొడుగ్గా ఉంటది అంతే. ఫ్లాష్ అనేది చిన్న బల్బు, కిటికీ అనేది పెద్ద లైటు. లైటు ఎంత పవరు అన్నదాని కంటే తుపాకి వైపు నుంచి చూస్తే అది ఎంత పెద్దగా కనపడుతుంది అన్నదే లెక్క. అందుకే పెద్ద కిటికీ, దానికి అడ్డంగా తెల్ల పంచె గానీ దుప్పటి గానీ, కిటికీ లేకపోతే టేబుల్ లైటు ముందు బటర్ పేపర్ కట్టి తుపాకికి బాగా దగ్గరగా జరపడం, రెండో వైపు చీకటి ఎక్కువైతే థర్మాకోల్ ముక్క నిలబెట్టడం, ఈ సరంజామా మొత్తం కలిపినా వంద రెండొందలు అవుద్దేమో. మరీ తెల్లగా తేలిపోయి గొట్టానికి అంచు పోతుంటే అటు పక్కన నల్ల చార్టు పెట్టండి, ఆ నలుపు గొట్టం అంచులో పడి గీత గీసినట్టు వస్తుంది. ఎర్ర వెల్వెట్ మీద పెడితే గొట్టం ఎర్రగా ఎందుకొచ్చిందో కూడా ఇప్పుడు మీకే అర్థమయి ఉంటది, అది వెల్వెట్ మొహం చూసుకుంటుంది మరి.

కింద ఏం పరవాలి అని అడిగితే నేను బూడిద రంగే అంటా, మామూలు సిమెంటు గచ్చు రంగు. కెమెరాకి ఒక పిచ్చి ఉంది, ఏది చూపించినా దాన్ని మధ్యరకం బూడిద రంగులోకి తెద్దామని చూస్తది. తెల్ల టేబుల్ గుడ్డ మీద తుపాకి పెడితే గుడ్డని బూడిద చెయ్యబోయి తుపాకిని బొగ్గు చేసేస్తది, మీ పేపర్‌లో వచ్చిన ఫోటోకి అదే జరిగింది, తెల్ల టేబుల్ గుడ్డ. నల్ల గుడ్డ మీద పెడితే తుపాకి తెల్లబారి బూజు పట్టినట్టు ఉంటది, అంచు ఎక్కడుందో కూడా తెలీదు. గచ్చు రంగు మీద పెడితే కెమెరా తిక్కకి పని లేదు. ఫోన్‌లో తీసేవాళ్ళు స్క్రీన్ మీద తుపాకి ఉన్నచోట ముట్టుకుని, పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది చూడండి, దాన్ని కాస్త పైకో కిందకో జరుపుకుంటే సరిపోద్ది. ఇంకోటి, పోర్ట్రెయిట్ మోడ్ పెట్టద్దు బాబూ, అది మనిషి మొహం కోసం పెట్టింది, తుపాకి చివర ఏది బ్యాక్‌గ్రౌండో ఏది గొట్టమో దానికి తెలీక సగం గొట్టాన్ని మసక చేసేస్తది. దగ్గరికి వెళ్ళి తీస్తే దగ్గరున్న కొన లావుగా, దూరంగా ఉన్న కొన సన్నంగా సాగిపోద్ది, రెండడుగులు వెనక్కి వచ్చి 2ఎక్స్ పెట్టి తీస్తే తుపాకి తుపాకి లాగే ఉంటది. పెద్ద కెమెరా వాళ్ళకైతే ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11, ఐఎస్ఓ 100, ట్రైపాడ్, రెండు సెకన్ల టైమరు, తుపాకి ఎక్కడికీ పారిపోదు కదా, షట్టర్ ఎంత నెమ్మదిగా పడినా పర్వాలేదు.

చెక్కడాలు, నంబర్లు, పాత అక్షరాలు కనపడాలంటే లైటు బాగా పక్కకి తేవాలి, పలకని రాసుకుంటూ పోయినట్టు. పాత గుళ్ళో రాతి మీద శాసనం మిట్టమధ్యాహ్నం చూస్తే ఉత్తి రాయే, సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే అక్షరాలు లేచి నిలబడతాయి, అదే కిటుకు. టార్చి ఒకటి పట్టుకుని పక్కనుంచి మెల్లగా తిప్పుతా ఉంటే ఒక చోట టక్కున అక్షరం విచ్చుకుంటది, అక్కడ ఆపి కొట్టాలి.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే పని, మనవడు గడియారం దగ్గరికి పోదాం అని చెయ్యి లాగుతుంటాడు, నేను అద్దాల ముందు వంగి ఉంటా. అక్కడ అద్దం అడ్డం, పైన లైట్లు, అద్దంలో మన చొక్కా, వెనకాల వచ్చేవాళ్ళ సెల్‌ఫోన్లు, అన్నీ ఫోటోలో పడతాయి. ఫ్లాష్ ఎలాగూ వద్దంటారు, వేసినా అద్దం మీద తెల్ల గుండ్రం తప్ప ఏమీ రాదు. నల్ల చొక్కా వేసుకెళ్ళండి, ఇది నవ్వులాటకి కాదు నిజంగానే చెప్తున్నా, లెన్సుకి మెత్తటి రబ్బరు హుడ్ ఉంటే ఒత్తిడి పెట్టకుండా అద్దానికి ఆనించి తియ్యండి, ఆనించడానికి ఒప్పుకోకపోతే కొంచెం పక్కకి జరిగి ఏటవాలుగా. పోలరైజర్ ఫిల్టర్ కొనమని షాపు వాళ్ళు చెప్తారు, అది అద్దం మీద మెరుపు తగ్గిస్తది, కర్ర మీద వార్నిష్ మెరుపు తగ్గిస్తది, పాలిష్ ఉన్న ఇనుము మెరుపుకి మాత్రం ఆ ఫిల్టర్ అస్సలు పనిచెయ్యదు, నేను డబ్బు తగలేసి నేర్చుకున్నా. ఇనుములో బంగారు తీగ పొదిగే కుఫ్త్‌గరీ పని ఉన్న ఆయుధాలకి మెత్తటి లైటు ఒక్కటే ఉంటే బంగారం చచ్చిపోయినట్టు ఉంటది, పక్క నుంచి ఒక చిన్న వెలుగు తగలాలి. మ్యూజియంలో ఆ లైటు మన చేతిలో లేదు కాబట్టి మనమే కదలాలి, నాలుగు అంగుళాలు ఎడమకి జరిగితే బంగారం వెలుగుద్ది, ఇంకో నాలుగు జరిగితే ఆరిపోద్ది.

ఇక ఫ్రేము సంగతి. తుపాకితో పెద్ద చిక్కు ఏంటంటే అది పొడుగు, సన్నం. ఫోటో అడ్డంగా 3 పొడుగు 2 ఎత్తు అనుకోండి, తుపాకిని అడ్డంగా పెడితే పైనా కిందా ఖాళీ టేబులే. మూల నుంచి మూలకి ఏటవాలుగా పెడితే ఆ ఫ్రేములోనే ఐదో వంతు పెద్దగా పడుద్ది, చూడ్డానికి కూడా కదలిక ఉంటది. లేదా మొత్తం తుపాకి ఎందుకు, ట్రిగ్గరు, దాని పైన సుత్తి లాంటి ముక్క, కర్రా ఇనుమూ కలిసే చోటు, ఆ జానెడు భాగం తీస్తే చాలు, ఇది నాటు పనా ఫ్యాక్టరీ పనా అని పాఠకుడికి అక్కడే తెలిసిపోద్ది. నాటు తుపాకి అంటే ఊళ్ళో దొరికిన పైపు, చేత్తో చెక్కిన కర్ర, కట్టు తీగ, ఈ మొరటుతనమే కదా ఆ వార్త, అది చూపించకుండా ఆరుగురు ఆఫీసర్ల బూట్ల దాకా ఎందుకు చూపిస్తారు? వాళ్ళని తియ్యద్దు అనట్లేదు, వాళ్ళు కష్టపడ్డారు, ఫోటో పడాలని వాళ్ళకీ ఉంటది, అది ఒకటి తియ్యండి, తర్వాత రెండు నిమిషాలు అడిగి టేబుల్ దగ్గరికి రండి. తుపాకుల్ని ముట్టుకోకండి, మీ ఫోటో కోసం సర్దకండి, అవి కేసులో సాక్ష్యం. మీరు వంగండి, మీరు జరగండి.

పోలీసు వాళ్ళు తీసుకునే ఫోటో వేరు, దాన్ని దీనితో కలపకూడదు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో, అదే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బిఎన్‌ఎస్‌ఎస్) 105వ సెక్షన్‌లో, సోదాలు స్వాధీనాలు ఆడియో వీడియో రికార్డు చెయ్యాలని ఉంది. అక్కడ అందం పనికిరాదు, దొరికిన చోట దొరికినట్టు ఒకటి, తర్వాత నిటారుగా పైనుంచి, పక్కన స్కేలు పెట్టి, రెండు వైపులా, నంబరు ఉంటే నంబరు దగ్గరగా. లైటు సూత్రం మాత్రం మారదు, నంబరు మీద ఫ్లాష్ తిన్నగా పడితే ఆ నంబరు కోర్టులో ఎవరూ చదవలేరు.

మీ పేజీ మేకప్ చేసేవాళ్ళకి కూడా ఒక మాట. తుపాకి ఫోటోలో చూపు ఎప్పుడూ మడమ నుంచి గొట్టం కొస వైపు పరిగెత్తుద్ది, ఆ కొస ఎటు చూపిస్తుందో చూసి పెట్టండి. ఒకసారి మీ పేపర్‌లోనే, ఏ రోజో చెప్పను, రివాల్వర్ ఫోటో పక్కనే పెళ్ళిరోజు శుభాకాంక్షల యాడ్ పడింది, గొట్టం సరిగ్గా ఆ కొత్త జంట మధ్యకి. మా స్టూడియోలో ఆ కటింగ్ చాలా రోజులు గోడకి ఉంది లెండి. గొట్టం ముందు ఖాళీ ఉండాలి, వీలైతే పేజీ బయటికి కాకుండా వార్త వైపు తిరిగి ఉండాలి. పాఠకుడి మొహం మీదకి గురిపెట్టిన గొట్టం, వెనకాల మసకగా ఒక చెయ్యి, ఇలాంటి ఫోటో క్రైమ్ వార్తలకి చాలామంది వాడతారు, నాకు అది అస్సలు నచ్చదు, పొద్దున్నే పేపర్ తీసేవాడిని బెదిరించడం తప్ప అందులో సమాచారం ఏముంది?

న్యూస్‌ప్రింట్ సంగతి మీకు నేను చెప్పాలా, కాగితం ఇంకు పీలుస్తది, చుక్క పాకుద్ది, కంప్యూటర్ మీద ముదురు బూడిదగా కనపడింది మన చేతికి వచ్చేసరికి తారు అయిపోద్ది. తుపాకి ఫోటో అంటేనే సగం నీడలు, కాబట్టి ప్రెస్సుకి పంపే ముందు నీడల్ని మామూలు ఫోటో కంటే ఇంకాస్త పైకి లేపాలి, స్క్రీన్ మీద కొంచెం వెలిసినట్టు కనపడినా భయపడద్దు.

దసరాకి ఆయుధపూజ ఫోటోలు వస్తాయి చూడండి, అవి నాకు చాలా ఇష్టం, వాటినీ పాడు చేస్తారని నా ఏడుపు. పోలీసు వాళ్ళ త్రీనాట్‌త్రీ, ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్ రైఫిళ్ళు వరసగా పేర్చి పసుపు కుంకుమ పెట్టి బంతిపూలు వేస్తారు. నల్లటి ఇనుము మీద బంతిపువ్వు పసుపు నీడ తేలుద్ది, ఎంత బాగుంటదో, ఆ గదిలో ట్యూబ్‌లైట్లు తీసేసి తలుపు బార్లా తెరిస్తే చాలు. అలా కాకుండా నిలబడి పైనుంచి ఫ్లాష్ కొడతారు, పువ్వులు తెల్లబోతాయి. మోకాళ్ళ మీద కూర్చుని మడమల వరస వెంట చూస్తే ఒకటి వెనక ఒకటి మెట్లలాగా పోతాయి, ముందున్న దాని మీద కుంకుమ బొట్టు ఒక్కటి ఫోకస్‌లో ఉంచి మిగతావి మెత్తగా వదిలేస్తే ఫస్ట్ పేజీకి పనికొస్తది. ట్యూబ్‌లైటు తియ్యడం కుదరకపోతే ఒకటి గుర్తు పెట్టుకోండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుద్ది, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ఫోటోలో చారలు రావు. షూటింగ్ రేంజిల్లో పిల్లల్ని తీసేవాళ్ళకి కూడా ఇది ఉపయోగం. హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాక మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని ఈ ఆటకి పంపుతున్నారు, వాళ్ళని తీసేటప్పుడు ఫ్లాష్ జోలికి అసలు పోవద్దు, గురి చెదిరిపోద్ది, ఫైరింగ్ లైను వెనక నిలబడి పక్కనుంచి చెంపా కన్నూ కర్రా కలిసే చోటు తీస్తే చాలు.

పెళ్ళిళ్ళలో లైసెన్సు తుపాకి పట్టుకుని ఫోటో తియ్యమని నన్నూ అడిగారు, గాల్లో పేలుస్తాం ఆ టైంకి కొట్టు అని కూడా అడిగారు. నేను కెమెరా సంచిలో పెట్టేసేవాణ్ణి. 2019లో ఆయుధాల చట్టం సవరించాక అలా సంబరాలకి పేల్చి జనం ప్రాణాల మీదకి తెస్తే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ఇంట్లో తుపాకి ఫోటో తియ్యాల్సి వచ్చినా యజమాని చేతే తెరిపించి తూటా లేదని ఇద్దరూ కళ్ళతో చూశాకే కెమెరా తియ్యాలి. డబుల్ బ్యారెల్ అయితే మధ్యలో విరిచి తెరిచి ఉంచే తియ్యండి, అలా తెరిచి ఉంటే పేలే పనే లేదు, పైగా ఆ రెండు గుండ్రటి నోళ్ళూ, మెరిసే లోపలి అంచులూ, మూసి ఉన్నప్పటి కంటే చాలా బాగుంటది. వేలిముద్రలు మాత్రం తుడవాలి, మెత్తటి బట్టతో, చెమట ఉప్పు ఇనుముకి పడదు, తుప్పుకి దారి, ఫోటోలో కూడా జిడ్డు మచ్చలు నూనె చుక్కల్లా మెరుస్తాయి.

లంక పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. తుపాకి ఏమైందో నాకు తెలీదు, ఫోటో మాత్రం వాళ్ళ హాల్లోనే ఉంది, ఆమధ్య వాళ్ళ మనవడి పెళ్ళికి వెళ్ళినప్పుడు చూశా, దగ్గరికెళ్ళి చూస్తే గొట్టం మీద ఆ పంచె అంచు జరీ గీత సన్నగా కనపడుతుంది, ఇన్నేళ్ళూ నేనూ గమనించలేదు. మీ జిల్లా ఫోటోగ్రాఫర్లకి ఎప్పుడైనా మీటింగ్ పెడితే కబురు చెయ్యండి, ఒక తెల్ల పంచె, థర్మాకోల్ ముక్క పట్టుకుని బస్సెక్కి వస్తా, చార్జీలు కూడా అడగను.

ఇట్లు,
ఒక పాత స్టూడియో ఫోటోగ్రాఫర్,
తెనాలి.